దొరికిన టైరే మహాప్రసాదమా?

"సైజు కుదిరిందా, వేసేసుకో. టైరు దొరకడమే గొప్పయిన రోజుల్లో ఇంకా ఏరుకోవడం కూడానా?" అమెరికాలో మోటర్‌హోమ్‌లు ఉన్నవాళ్ళ మధ్య 2021, 22 సంవత్సరాల్లో ఈ మాట వేదవాక్కై కూర్చుంది. కోవిడ్ దెబ్బకు 2020లో టైర్ల ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడ్డాయి. మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ రేవుల బయట ఓడలు బారులు తీరాయి. సరిగ్గా అప్పుడే ఇలాంటి ఇళ్ళలాంటి బళ్ళ, అంటే ఆర్వీల గిరాకీ ఆకాశాన్నంటింది. వెనక తగిలించుకునే ట్రైలర్లతో కలిపి 2021లో 6 లక్షలకు పైగా బళ్ళు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. పెద్ద మోటర్‌హోమ్‌కు వేసే 22.5 అంగుళాల టైరూ, సరుకు లారీకి వేసే టైరూ ఒకే గోదాం నుంచి రావాలి. లారీ కంపెనీలు వందల లెక్కన కొంటుంటే ఆరు టైర్ల కోసం వచ్చినవాడి మొహం చూసేదెవరు? కొరత నిజం, కాదనను. కొరత తగ్గినా ఆ మాట మాత్రం పోలేదు. ఏ సైజుకు స్టాకు లేకపోయినా ఇప్పటికీ కౌంటరు వెనక నుంచి అదే సలహా వస్తోంది. ఆ సలహా తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

సైజు కుదిరితే చాలదని చెప్పడానికి గుడ్‌ఇయర్ జీ159 ఒక్కటి చాలు. 275/70ఆర్22.5 సైజు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో ఎన్నో మోటర్‌హోమ్‌లకు తయారీదారులే దీన్ని బిగించి అమ్మారు. రిమ్ముకు చక్కగా సరిపోయింది. 2003లో ఒక కుటుంబం ప్రయాణిస్తున్న మోటర్‌హోమ్ ఈ టైరు పాడై రోడ్డు దిగి బోల్తా పడింది. హైవే వేగంలో మోటర్‌హోమ్ కింద పుట్టే వేడిని తట్టుకునేలా ఈ టైరును చేయలేదన్నది ఆ కుటుంబం ఫిర్యాదు. టైరు ఎంత వేడెక్కుతుందో కంపెనీ తానే పరీక్షించుకుందనీ, ఆ ఫలితాలను కోర్టులో బయటపెట్టలేదనీ కేసు రాజీ అయ్యాక తేలింది. ఆ తప్పుకు ఎంత సొమ్ము కట్టించాలన్న తగాదా 2017లో అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచింది. చివరికి 2022 జూన్‌లో, రహదారి భద్రతా సంస్థ పట్టుబట్టాక, గుడ్‌ఇయర్ దాదాపు 1,73,000 టైర్లను వెనక్కి పిలిచింది. టైరులో లోపం లేదు, గాలి తగ్గడం, బరువు ఎక్కువవడమే కారణమని కంపెనీ అప్పుడు కూడా అంది. సరే, ఆ మాటే నమ్ముదాం. అప్పుడైనా బరువు, గాలి, వేడి అన్నవి సైజు అంకెలో కనిపించవనే కదా అర్థం!

బరువు సంగతే చూడండి. ఫోర్డ్ ఈ-450 చట్రం మీద కట్టిన మోటర్‌హోమ్‌లు అమెరికా రోడ్ల మీద లెక్కలేనన్ని. వాటి వెనక ఇరుసు మోయగలిగే బరువు సాధారణంగా 9,600 పౌండ్లు. వేసేది ఎల్‌టీ225/75ఆర్16, అందులో 'ఈ' అక్షరం (ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు) ఉన్న రకం. ఒక్కో వైపు రెండేసి జతగా బిగించినప్పుడు 80 పీఎస్ఐ గాలితో ఒక్కోటి 2,470 పౌండ్లు మోస్తుంది. నాలుగూ కలిపి 9,880. అంటే మిగులు 280 పౌండ్లు, ఇద్దరు మనుషుల బరువైనా లేదు. ఇప్పుడు షాపువాడు "'ఈ' రకం అయిపోయింది, 'డీ' రకం ఉంది, సైజు అదే" అన్నాడనుకోండి. డీ రకానికి పట్టే గాలి 65 పీఎస్ఐ. ఆ గాలితో నాలుగు టైర్లూ కలిసినా ఆ ఇరుసు పూర్తి బరువు మోయలేవు. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తేడా అంతా టైరు పక్కన అచ్చయిన ఆ ఒక్క అక్షరంలో ఉంది. ట్రైలర్లకు చేసే ఎస్‌టీ టైరైతే మోటర్‌హోమ్ దరిదాపులకే రాకూడదు.

"లారీలవాళ్ళు ఏది పడితే అది వేసి తిప్పడం లేదా?" అని ఇంకొందరి వాదన. లారీ బతుకు వేరు. సరుకు దించాక అది ఖాళీగా తిరుగుతుంది, దారిలో తూకం కేంద్రాలకు లెక్క చెప్పుకుంటుంది, టైరు ముసలిదయ్యేలోపే అరిగిపోతుంది. మోటర్‌హోమ్‌కు ఖాళీ అన్నదే లేదు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, అలమారలు ఎప్పుడూ దాని నెత్తినే ఉంటాయి. వంద గ్యాలన్ల నీళ్ళు నింపితేనే 830 పౌండ్లు. ఆ బరువు నాలుగు మూలలా సమానంగానూ పడదు. అయినా కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా తూకం ఎక్కని మోటర్‌హోమ్‌లు ఎన్నో. పైగా అది నెలల తరబడి ఎండలో కదలకుండా నిలబడుతుంది. రబ్బరు పగలకుండా కాపాడే రసాయనాలు టైరు తిరుగుతూ నలిగితేనే పైకి వస్తాయి. నిలబడ్డ టైరుకు ఆ రక్షణ అందదు. అందుకే మోటర్‌హోమ్ టైరు అరిగి కాదు, వయసైపోయి చస్తుంది.

అవతలి పక్షాన్నీ వదలను. "నాకు ఫలానా బ్రాండే కావాలి, వచ్చేదాకా పాతవాటితోనే లాగిస్తా, గాడులు కొత్తవాటిలా ఉన్నాయి" అనేవాళ్ళున్నారు. గాడుల లోతు వయసు చెప్పదు. ఐదేళ్ళు దాటాక ఏటా తనిఖీ చేయించమనీ, పదేళ్ళు నిండితే గాడులు ఎలా ఉన్నా మార్చేయమనీ మిషెలిన్ స్వయంగా చెబుతోంది. ఆ బ్రాండు కోసం పన్నెండేళ్ళ టైర్ల మీద ఎదురుచూడటం భక్తి కావచ్చు, జాగ్రత్త మాత్రం కాదు.

వయసు తెలుసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. టైరు పక్కన 'డాట్' అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడాలి. 3418 అని ఉంటే 2018లో 34వ వారం తయారైందని. ఈ తేదీ ఒక వైపే ఉండొచ్చు, తరచుగా అది లోపలి వైపుకే తిరిగి ఉంటుంది. టార్చి పట్టుకుని బండి కిందికి దూరాల్సిందే. అద్దం పట్టి చదివినా పర్వాలేదు, చదవకుండా మాత్రం రావద్దు. కొత్త టైరు కొనేటప్పుడు కూడా బిగించకముందే ఈ అంకెలు చూడండి. కొరత కాలంలో గోదాంలో మూలపడ్డ పాత సరుకు కూడా 'కొత్తది' అన్న పేరుతోనే బయటికొస్తుంది.

కొరతలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు, ఒప్పుకుంటాను. బ్రాండు వదులుకోండి. గాడుల డిజైను వదులుకోండి. సైజు కూడా కొంత వదులుకోవచ్చు. 235/80ఆర్22.5 లాంటివి చేసే కంపెనీలే తక్కువ, అది దొరక్క 255/70ఆర్22.5కు మారినవాళ్ళున్నారు. మారే ముందు తయారీదారు పట్టికలో మీ బరువుకు ఎంత గాలి కావాలో, మీ రిమ్ము ఆ వెడల్పును ఒప్పుకుంటుందో, వెనక జత టైర్ల మధ్య ఖాళీ మిగులుతుందో చూసుకోవాలి. ఆ జత ఒకదాన్నొకటి రాసుకుంటే రెండూ పోతాయి. వేగం గుర్తునూ మరవకండి. 'ఎల్' అంటే గంటకు 75 మైళ్ళు, పడమటి టెక్సస్‌లో ఐ-10 హైవే మీద అనుమతించిన వేగం 80. కొత్త టైర్లు రెండే దొరికితే ముందు చక్రాలకు వేయించండి. వెనక ఒకటి పోతే దాని జత కాసేపైనా కాస్తుంది, ముందుది పేలితే స్టీరింగే చేతిలోంచి లాక్కుపోతుంది. కానీ బరువు మోసే శక్తి దగ్గరా వయసు దగ్గరా బేరం పెట్టకండి.

డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో సెలవులకు మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరే తెలుగు కుటుంబాలకూ ఇదే చెబుతాను. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెనక కూర్చోబెట్టే ముందు, తాళాలు ఇచ్చేవాణ్ణి టైర్ల తేదీ అడగండి. మొహమాటపడకండి. ఆరు టైర్ల అంకెలూ ఫోన్లో ఫోటో తీయమనండి, లోపలి రెండింటివి కూడా. చెప్పలేకపోతే ఆ బండి వద్దనండి. సొంత బండి ఉండి, సరైన టైరు దొరకకపోతే ప్రయాణం వాయిదా వేయండి. క్యాంపు కోసం ముందే కట్టిన డబ్బు పోతుంది, పోనివ్వండి.