మనుష్యుడు మంద కాడు

క్రైస్తవ మతము లోకమునకు ఇచ్చిన భావచిత్రములలో గొఱ్ఱెల కాపరి చిత్రమంత సుకుమారమైనది, జనహృదయమునకు అంత చేరువైనది మఱియొకటి కానరాదు. 23వ కీర్తనలో పచ్చిక బయళ్లకును ప్రశాంత జలములకును దారితీయు దైవము, లూకా సువార్త 15వ అధ్యాయమున తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి, తప్పిపోయిన ఒక్కదానిని వెదకి భుజములపై మోసికొనివచ్చు యజమానుడు, యోహాను సువార్త 10వ అధ్యాయమున మందకొఱకు ప్రాణమిచ్చు మంచి కాపరి, ఈ మువ్వురును ఒకే రూపమై, మరణశయ్యపై నున్నవారికిని బిడ్డను పోగొట్టుకొన్న తల్లులకును తరతరములుగా ఊఱట నిచ్చుచున్నారు. ఆ ఊఱటను పరిహసించుట హేతువాది పని కాదు. అయినను ఊఱట నిచ్చిన భావమెల్ల మేలు చేయునని చెప్పవీలులేదు గనుక, తాను గొఱ్ఱెనని నిత్యము పాడుకొను మనుష్యుడు తన్ను గూర్చియు, తన్ను నడుపువారిని గూర్చియు ఏమి నమ్ముటకు అలవాటుపడునో విచారింపవలసియున్నది.

ముందుగా కాపరి వృత్తిని ఉన్నదున్నట్లు చూతము. మన గొల్ల కురుమలు మందలోని ఒక్కొక్క జీవమును గుర్తెఱుగుదురు, రాత్రులందు రైతుల చేలలో మందను నిలిపి, ఆ ఎరువునకు గింజలు పుచ్చుకొందురు, ఉన్ని కత్తిరింతురు, జబ్బుచేసినదానికి మందు పోయుదురు, విత్తనమునకు కావలసిన పొట్టేళ్లను నిలుపుకొని తక్కినవానిని సంతలో అమ్ముదురు. ఈ పనులలో ఒకదానికొకటి విరోధమని వారికి తోచదు, తోచనక్కఱయు లేదు, అది వారి జీవనము. ప్రాచీన పాలస్తీనాలోను ఇంతే. పాలు, ఉన్ని, మాంసములకే గాక, నిర్గమకాండము విధించినట్లు ఉదయమొకటి, సాయంకాలమొకటిగా ఏడాది గొఱ్ఱెపిల్లలు ప్రతిదినము బలిపీఠమునకు పోవలసియుండెను. కాపరి గొఱ్ఱెను తోడేలునుండి కాపాడును. కాపరినుండి దానిని కాపాడువారు లేరు. ప్లేటో రచించిన ‘రిపబ్లిక్’ మొదటి భాగమున త్రాసిమాకస్ ఈ మాటనే పట్టుకొని, కాపరి మందను బలిపించుట యజమానుని లాభమునకును తన లాభమునకునే గాని మంద మేలునకు కాదనియు, పాలకుల తీరును అట్టిదే యనియు వాదించెను. కాపరివిద్యకు లక్ష్యము మంద క్షేమమే, కూలి వేఱొక విద్య ఫలమని సోక్రటీసు ప్రత్యుత్తరమిచ్చెను. ఆ ప్రత్యుత్తరము కాపరి నేర్పును వివరించునే గాని, మందకు తన బ్రదుకుపై హక్కున్నదో లేదో చెప్పదు.

ఈ చిత్రము దేవాలయమున పుట్టినది కాదు. రాజసింహాసనమునుండి అచ్చటికి వచ్చినది. క్రీ.పూ. 18వ శతాబ్దమున హమ్మురాబి తన ధర్మశాసనపు పీఠికలో తన్ను కాపరిగా చెప్పుకొనెను. ఈజిప్టు ఫారోలు కాపరి వంకరకఱ్ఱను రాజచిహ్నముగా ధరించిరి. హోమరు అగమెమ్నానును ప్రజల కాపరియని పిలిచెను. యెషయా గ్రంథము పారసీక ప్రభువైన కోరెషునకు ఆ బిరుదమే ఇచ్చెను. యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయమున, క్రొవ్విన గొఱ్ఱెలను కోసికొని తిని, ఉన్ని కప్పుకొని, మందను మాత్రము మేపని కాపరులపై ప్రవక్త నిప్పులు చెఱిగెను. ఆ ధర్మాగ్రహము మహత్తరమైనదే. కాని దుష్టుడైన కాపరికి మాఱుగా శిష్టుడైన కాపరి వచ్చునని ఆయన ఆశ చూపెనే గాని, మనుష్యులకు కాపరి యేల యను ప్రశ్న ఆయనకు తోపలేదు.

ఆ ప్రశ్నకు బైబిలులోనే ఒక సమాధానము కలదు. బాల్యమున గొఱ్ఱెలను కాచిన దావీదు, రాజైన పిమ్మట తన సైనికుడైన ఊరియా భార్యను చెఱపి, ఊరియాను యుద్ధమున చంపించెను. అప్పుడు నాతాను అను ప్రవక్త వచ్చి, పేదవాడు తన కంచమునుండి మేపి, కౌగిట పరుండబెట్టుకొని పెంచిన ఒక్క గొఱ్ఱెపిల్లను ధనవంతుడు లాగికొని విందునకు కోయించిన కథ చెప్పి, మండిపడిన రాజుతో ఆ ధనవంతుడవు నీవే యనెను. రాజును తలవంచునట్లు చేసినది ఎదుట నిలిచి తప్పు తప్పని చెప్పగల మనుష్యుని నోరు. మంద ధర్మము అలవడినచోట నాతానునకు చోటుండదు.

రోము నగరపు భూగర్భ సమాధులలోని 3వ శతాబ్దపు చిత్రములందు కాపరి పొట్టి అంగీ తొడిగి, భుజములపై జీవమును మోయు పల్లెటూరి యువకుడు. రవెన్నాలో గల్లా ప్లాసిడియా పేర వెలసిన 5వ శతాబ్దపు మందిరమున, ద్వారముపై గల మొజాయిక్ చిత్రమున అతడే బంగారు వస్త్రమును ఊదా ఉత్తరీయమును ధరించి, చేతికఱ్ఱకు బదులు స్వర్ణమయమైన సిలువను పట్టి ఆసీనుడైయుండును. ఇరువైపుల మూడేసి గొఱ్ఱెలు అతనివైపే ముఖములు త్రిప్పియుండును. ఈ రెండు చిత్రముల నడుమ, 380లో, క్రైస్తవము రోము సామ్రాజ్యపు రాజమతమయ్యెను. కాపరి చక్రవర్తి వేషము ధరించినను మంద మందగనే నిలిచెను.

1905లో ఫ్రాన్సు దేశము మతమును రాజ్యమునుండి వేఱుచేయు శాసనము చేయగా, 1906 ఫిబ్రవరిలో పదవ పయస్ పోపు ‘వెహెమెంతెర్ నోస్’ అను లేఖను వెలువరించి, సంఘము స్వభావముచేతనే అసమానమైనదనియు, అందు కాపరులు, మంద యను రెండు వర్గములు కలవనియు, విధేయమైన మందవలె కాపరులను వెంబడించుటయే సామాన్యుల ఏకైక ధర్మమనియు బోధించెను. ఇందు దురుద్దేశమును వెదకనక్కఱలేదు. చిత్రమును చిత్తశుద్ధితో నమ్మినవాడు ఎచ్చటికి చేరవలెనో ఆయన అచ్చటికే చేరెను.

మన నేలపై జరిగిన ఒక ఉదంతము దీనికి విరుద్ధమైన పాఠమును చెప్పుచున్నది. 1876–78 నాటి ఘోర క్షామమున ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని, గ్రామములు పశువులకన్న హీనముగా చూచిన మాదిగలకు త్రవ్వకపు పని ఇచ్చి, కూలి చెల్లించెను. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మము కోరివచ్చినవారిని ఆపివేసెను. అటుపిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి నమ్మకముతో నాకు పొత్తు లేదు. కాని ఆకలిగొన్నవాని సమ్మతి సమ్మతి కాదని ఆగినవాడు, ఆ క్షణమున మందను తోలుచుండలేదు; సాటి మనుష్యులతో వ్యవహరించుచుండెను. వారిని నిలబెట్టినవి కష్టమునకు దక్కిన కూలియు, పిదప వారి బిడ్డలకు దొరికిన అక్షరమును.

నేడు సంఘకాపరిని కానుకల లెక్క అడిగిన విశ్వాసికి, గొఱ్ఱె కాపరిని ప్రశ్నించునా యను జవాబు ఎదురైనచో, జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుట అవిశ్వాసమని తల్లికి బోధ జరిగినచో, ఆ చిత్రము తన అసలు పని చేయుచున్నదని గ్రహింపవలెను. బాబాల పాదములచెంతను, నాయకుల సభలలోను తలవంచు మన తక్కిన మందలకును ఈ మాట వర్తించును.

మత్తయి సువార్త 25వ అధ్యాయమున న్యాయాధిపతి గొఱ్ఱెలను కుడివైపునకును మేకలను ఎడమవైపునకును వేఱుపఱచును. అచ్చటి గీటురాయి యేది? ఆకలిగొన్నవానికి అన్నము, దప్పిగొన్నవానికి నీరు, దిగంబరునికి వస్త్రము, రోగికిని ఖైదీకిని పరామర్శ. కుడివైపువారు మేమెన్నడు నీకివి చేసితిమని ఆశ్చర్యపడిరి. అనగా ఎవని సేవయని ఎఱుగకయే, ఎదుటివాని ఆకలిని చూచి తామే పూనుకొని చేసిరి. నరకభయమును విడిచినను ఆ గీటురాయి నిలుచును. ఆ పనికి వలసినవి చూచు కన్ను, విచారించు బుద్ధి, చాచు చేయి. ఈ మూడును గల ప్రాణి మంద కాదు. అట్టివారికి దారి తెలిసినవాని తోడు అప్పుడప్పుడు అవసరము కావచ్చును. అతనిని ప్రశ్నించు హక్కు మాత్రము ఎల్లప్పుడు అవసరమే.