ఏరు దాటే కూలీకి ఏ రాష్ట్రం?

వేసవిలో ఎండల వార్త వచ్చిందంటే అందులో రెంటచింతల పేరు ఉండాల్సిందే. దాచేపల్లి కూడా ఆ పల్నాడు ఎండలోనే ఉంది. కాలువ కట్టేశాక, మాగాణి ఎండిపోయాక అక్కడ పచ్చగా కనిపించేది బోరు కింద అరెకరమో ఎకరమో పెట్టిన కూరగాయల తోటే. బెండ, గోరుచిక్కుడు, వంగ, బీర. చూసేవాళ్లకు అది పచ్చదనం. చేసేవాళ్లకు అది గోస.

బెండకాయ రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పితే కాయ ముదిరిపోతుంది, అంగట్లో అడిగేవాడు ఉండడు. దాని నూగుకు చేతులు మండుతాయి, అందుకే పాత గుడ్డలు చుట్టుకుని కోస్తారు. ఎండ ముదరకముందే కోత అయిపోవాలి. అంటే కూలికి పోయే ఆడమనిషి చీకటితోనే లేచి, వండి, సద్ది కట్టుకుని బయలుదేరాలి. వరి కోతకు మిషన్ వచ్చింది. బెండ కోతకు, మిరప ఏరడానికి ఇప్పటికీ మనిషి చేతులే దిక్కు.

పల్నాడు చేలల్లో ఆ చేతులన్నీ పల్నాడువేనా? కాదు. కృష్ణ దాటితే ఇవతల మన వాడపల్లి, మన దామరచర్ల. పొందుగల వంతెన మీదుగా మన ఆడబిడ్డలు అవతలి చేలల్లోకి పనికి పోతారు. 2023 మే 17 తెల్లవారుజామున దామరచర్ల మండలం నర్సాపురం నుంచి పొలం పనులకు పోతున్న కూలీల ఆటో దాచేపల్లి మండలం పొందుగల దగ్గర ప్రమాదానికి గురైంది. కనీసం ఐదుగురు ఆడకూలీల ప్రాణాలు పోయాయి. సొంత రాష్ట్రం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు.

అదే ఏడాది నవంబర్ 30న, సరిగ్గా మన పోలింగ్ రోజున, నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుపడ్డారు. ఆంధ్ర పోలీసులు డ్యామ్ సగభాగాన్ని పట్టుకుని కుడికాలువకు నీళ్లు వదిలారు. కేంద్ర బలగాలు దిగాయి. పేపర్ల నిండా అదే వార్త. అది అన్యాయమే. 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, మనకు 299 అని 2015లో చేసిన తాత్కాలిక పంపకం కూడా అన్యాయమే. ఆ లెక్క మీద కొట్లాడాల్సిందే. కానీ టీఎంసీల లెక్క తెలిసిన మనకు, వంతెన దాటే ఆటోల లెక్క ఎందుకు తెలియదు?

సాగర్ ఎడమకాలువకు 132 టీఎంసీలు, కుడికాలువకు 132 టీఎంసీలు అని కాగితం మీద ఉంది. ఎడమకాలువ కింద మిర్యాలగూడ చుట్టూ వరి పండుతుంది, రైస్‌మిల్లులు నడుస్తాయి. దామరచర్ల మండలంలో 4 వేల మెగావాట్ల థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన చేశారు. ఇన్ని ఉన్న చోట కూలీ ఎందుకు ఏరు దాటుతుంది? నీళ్లొస్తే పని వస్తుందనుకున్నాం. నీళ్లతో వరి వచ్చింది, వరి వెంట కోత మిషన్ వచ్చింది. పదిమంది చేసే పని అది ఒక్కటే చేసి పోయింది. వేసవి వచ్చేసరికి కూలీ చేతికి పనే లేదు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కూడా పాస్‌బుక్ ఉన్నవాడికే చెక్కు అందింది. కూలీకి పాస్‌బుక్ ఎక్కడిది?

దాచేపల్లి రైతు మన కూలీని దోచుకుంటున్నాడని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎకరం తోట వాడు ఆలిని వెంటబెట్టుకుని తనూ కోస్తాడు. ధర పడిపోతే కోత కూలి కూడా రాదని తోటను గొడ్లకు వదిలేస్తాడు. మన పోరాటం ఆంధ్ర పాలకుల మీద, ఆంధ్ర ప్రజల మీద కాదని ఉద్యమంలో ఎన్ని సభల్లో చెప్పలేదు? ఆ మాట ఈ తోట గట్టు మీద కూడా నిజం కావాలి.

మరి చేయాల్సిందేమిటి? హైదరాబాద్ తినే టమాట మదనపల్లె నుంచి లారీల్లో వస్తోంది. కృష్ణ ఒడ్డున, మూసీ ఒడ్డున మన చిన్న రైతుకు బోరు, డ్రిప్, గిట్టుబాటు ధర ఇస్తే ఆ కూరగాయ ఇక్కడే పండదా? వరి ఎకరంలో లేని పని కూరగాయల ఎకరంలో ఉంటుంది, అది కూడా ఎండాకాలంలో. ఇది మొదటి పని. ఆడ, మగ కూలీలకు సమాన వేతనం అని 1976లోనే చట్టం చేశారు. చేలో దాన్ని అడిగే మనిషి కావాలి. ఇది రెండోది. పనికి పోయేవాళ్లకు తెల్లవారుజామున బస్సు వేయడానికి నల్లగొండ, పల్నాడు కలెక్టర్లు ఒక్క పూట కూర్చుంటే చాలు. దీనికి ట్రిబ్యునల్ అక్కర్లేదు.

ఉద్యోగులారా, 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేశాం. ఆ సకల జనుల్లో ఈ కూలీ లేదా? విద్యార్థులారా, నియామకాల కోసం మళ్లీ రోడ్డెక్కుతున్నాం, ఎక్కాలి కూడా. కానీ నోటిఫికేషన్ రాని పని ఒకటుంది. ఎండాకాలం సెలవుల్లో వాడపల్లి వంతెన దగ్గరికి పోయి, తెల్లవారుజామున ఎన్ని ఆటోలు దాటుతున్నాయో, ఒక్కో ఆటోలో ఎంతమంది ఉన్నారో రాసుకు రండి. కూలి ఎంత ఇస్తున్నారో అడగండి. ఆ లెక్క పట్టుకుని కలెక్టరేట్ ముందు కూర్చుందాం. రాష్ట్రం తెచ్చుకున్నది ఈ లెక్క అడగడానికి కూడా.