ప్రూఫు ముద్ర మ్యాగజైన్‌కు పూచీ కాదు

“కొత్తదానికి మళ్ళీ పరీక్షేటి?”

లైసెన్సు మీద పిస్తోలు కొన్న మనిషిని, దాంతోపాటు వచ్చిన, తూటాలు నింపే మ్యాగజైన్లు విప్పి చూశారా అని అడగండి. మా ఉత్తరాంధ్రలో వచ్చే జవాబు ఇదే. అడిగినది నౌపడలో ఉప్పు బేరాల డబ్బుతో తిరిగే వ్యాపారినైనా, టెక్కలి పక్కన తోటలో కాపురముండే రైతునైనా, సైన్యంలో పనిచేసి ఇంటికొచ్చిన పెద్దాయననైనా మాట మారదు. పైగా దాన్ని అనుభవంతో చెప్పే మాటలా చెబుతారు. సర్కారు ఫ్యాక్టరీ సరుకు, అక్కడ పరీక్షించే పంపారు, మళ్ళీ మనం చూసేదేముంది? తుపాకీలో ముఖ్యమైనది గొట్టం, మ్యాగజైన్ ఒట్టి రేకు డబ్బా. తెలియనిదాన్ని కెలక్కుండా నూనె రాసి బీరువాలో పెట్టుకోవడం మేలు. ఈ మూడు మాటలూ కలిసి ఇక్కడ ఆచారమైపోయాయి. మొదటి రెండూ పూర్తిగా తప్పు. మూడోదానిలో పిసరంత నిజముంది, దాని సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

ముందుగా ఫ్యాక్టరీ పరీక్ష. 9 ఎం.ఎం. నిషేధిత బోరు కాబట్టి మామూలు లైసెన్సుదారుకు దక్కదు. విదేశీ పిస్తోలు తెప్పించుకునే దారి సామాన్యుడికి మూసుకుపోయి దశాబ్దాలైంది. కాబట్టి మనవాళ్ళ చేతికి ఎక్కువగా వచ్చేది పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ‘అశని’ లాంటి .32 పిస్తోలే. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఆ ఫ్యాక్టరీ పైన బోర్డు మారింది గానీ, కొనేవాడి నమ్మకం మారలేదు. ఆ నమ్మకానికి ఆధారం గొట్టం మీద కొట్టిన ప్రూఫు ముద్ర.

ఆ ముద్ర దేనికి పూచీ పడుతుందో ఎవరూ ఆలోచించరు. ప్రూఫు పరీక్షలో మామూలు తూటాకన్నా ఎక్కువ పీడనం పుట్టించే తూటా పేల్చి, గొట్టమూ దాని వెనక మూసే భాగమూ ఆ ఒత్తిడికి తట్టుకున్నాయా లేదా అని చూస్తారు. తట్టుకుంటే ముద్ర వేస్తారు. అంటే ఈ తుపాకీ నీ చేతిలో పగిలిపోదు అని ఆ ముద్ర చెబుతోంది, అంతవరకే. రెండో మ్యాగజైన్‌లోంచి అయిదో తూటా సరిగ్గా పైకి లేస్తుందా అన్న ప్రశ్న ఆ పరీక్షలో లేనే లేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చేసిందనుకోవడమే మనవాళ్ళ మొదటి పొరపాటు. హాల్‌మార్క్ ఉన్న గొలుసును కూడా కొక్కెం లాగి చూసి గానీ మెళ్ళో వేసుకోని ఊరు మనది. బంగారానికి చూపించే ఆ కొద్దిపాటి శ్రద్ధ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొస్తుందని కొన్న వస్తువు దగ్గర ఎందుకు పోతోంది?

ఇక రేకు డబ్బా సంగతి. పిడిలోకి జొనిపే, విడిగా తీయగలిగే మ్యాగజైన్‌తో పిస్తోలు తయారై నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. హ్యూగో బోర్చార్ట్ 1893లో రూపొందించిన పిస్తోలులోనే అది ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆటోమేటిక్ ఆయుధాల చరిత్ర తిరగేస్తే, గొట్టం చెడి పరువు పోగొట్టుకున్నవాటికన్నా మ్యాగజైన్ వల్ల పోగొట్టుకున్నవే ముందు కనబడతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం వాడిన షోషా మెషిన్ గన్‌కు, లోపల ఎన్ని తూటాలున్నాయో కనిపించాలని మ్యాగజైన్ పక్కభాగం తెరిచి ఉంచారు. కందకాల బురద ఆ సందుల్లోంచే లోపలికి పోయింది, తుపాకీ పరువు దాంతోపాటే పోయింది. రెండో యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ స్టెన్ గన్ మ్యాగజైన్‌లో 32 తూటాలు పడతాయని కాగితం మీద ఉండేది. ఇరుక్కుంటుందన్న భయంతో సిపాయిలు రెండో నాలుగో తక్కువే నింపుకునేవారు. అదే 9 ఎం.ఎం. తూటాతో తర్వాత వచ్చిన స్టెర్లింగ్ ఎందుకు మెరుగనిపించుకుంది? దాని మ్యాగజైన్ లోపల తూటాలను పైకి నెట్టే పలకకు రోలర్లు పెట్టి, రాపిడి తగ్గించారు. కాన్పూరులో తయారై మన పోలీసుల భుజాలకు దశాబ్దాలపాటు వేలాడిన కార్బైన్ ఆ స్టెర్లింగ్ సంతతే. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ రైఫిల్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో, చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయన్నది ముఖ్యమైనది. ఇంత జరిగాక కూడా మ్యాగజైన్‌ను డబ్బా అనడం అనుభవం నేర్పిన మాట కాదు, అనుభవాన్ని పట్టించుకోని మాట.

మనకు దొరికే .32 విషయంలో ఇది మరింత నిజం. ఈ తూటాను జాన్ బ్రౌనింగ్ రూపొందించి శతాబ్దం దాటింది. దాని అడుగు అంచు వ్యాసం ఒంటి వ్యాసంకన్నా కొద్దిగా, సుమారు అర మిల్లీమీటరు, ఎక్కువ ఉంటుంది. మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందువైపు ఉండాలి. వెనక్కి జారిందంటే రెండూ కొక్కెంలా ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అప్పుడు పిస్తోలు పైన వెనక్కీ ముందుకీ కదిలే స్లైడు ఎంత బలంగా తోసినా పైతూటా ముందుకు రాదు. నింపేటప్పటి నిర్లక్ష్యం చాలు ఇలా జరగడానికి, మ్యాగజైన్ లోపలి కొలత కాస్త ఎక్కువైనా చాలు. దీనికి తోడు పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ స్లైడు తేలికవుతుంది, దాని ప్రయాణం పొట్టిదవుతుంది, అది వెనక్కి వెళ్ళి తిరిగొచ్చేలోగా తూటాను పైకెత్తడానికి స్ప్రింగుకు దొరికే సమయమూ తగ్గుతుంది. పొట్టి మ్యాగజైన్‌లో ఆ స్ప్రింగుకు చోటూ తక్కువే. అంటే జేబులో ఇమిడే పిస్తోలు మ్యాగజైన్, పెద్ద పిస్తోలు మ్యాగజైన్‌కన్నా మరింత కచ్చితంగా ఉండాలి. మనవాళ్ళేమో చిన్నది కాబట్టి చూడాల్సిందీ తక్కువే అనుకుంటారు.

నౌపడ గాలి సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ ఉప్పు మడుల్లోనే కాదు, గాలిలోనూ ఉంటుంది. గాలిలో తేమ డెబ్భై అయిదు శాతం దాటితే ఉప్పు రేణువు తనంత తానే నీరు పీల్చుకుని తడిబొట్టుగా మారుతుంది. సముద్రపు ఒడ్డున అంత తేమ వింత కాదు. అలాంటి బొట్టు పల్చటి ఉక్కు రేకు మూలలో, అతుకు దగ్గర, స్ప్రింగు చుట్ల నడుమ కూర్చుంటే తుప్పు పట్టించే పని రాత్రీపగలూ సాగుతుంది. గొట్టాన్ని పుల్‌త్రూతో తుడిచేవాళ్ళు కనిపిస్తారు గానీ, మ్యాగజైన్ అడుగు పలక జార్చి లోపల చూసేవాళ్ళు అరుదు. కొన్నరోజున లోపల ఎలా ఉందో చూసి పెట్టుకోనివాడు, ఆరు నెలల తర్వాత కనబడిన మచ్చ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో బీరువాలో పుట్టిందో ఎలా చెప్పగలడు? దుకాణానికి తిరిగి తీసుకెళ్ళి ఏమని నిలదీయగలడు?

ఇందులో తప్పంతా కొన్నవాడిదే అంటే అన్యాయం. మన లైసెన్సు వ్యవస్థ కాగితాన్ని చూసినంత శ్రద్ధగా వస్తువును చూడదు. కొన్న ఆయుధాన్ని అధికారికి చూపిస్తే, పుస్తకంలోని నంబరూ ఆయుధం మీది నంబరూ సరిపోయాయా అని చూస్తారు. అది అవసరమే, కాదనను. కానీ 2016 ఆయుధ నియమాలు లైసెన్సుదారుకు భద్రతా శిక్షణ ఉండాలన్నాయి, ఆ శిక్షణలో ఆయుధాన్నీ తూటాలనూ కాపాడుకునే తీరు కూడా నేర్పాలన్నాయి. ఆ పాఠంలో మ్యాగజైన్ విప్పి బిగించడం లేకపోతే అది శిక్షణ ఎలా అవుతుంది? ఎన్నికల సంగతీ అంతే. 2024లో ఎన్నికల ప్రవర్తనా నియమావళి మార్చి 16న మొదలై జూన్ 6న ముగిసింది. ఆ కాలంలో డిపాజిట్ చేయమన్నవాళ్ళ ఆయుధాలు దాదాపు పన్నెండు వారాలు, అదీ నడి వేసవిలో, పరాయి చోట ఉన్నాయి. రసీదు ఇచ్చి తిరిగి తెచ్చుకున్నవాళ్ళలో మ్యాగజైన్ విప్పి చూసినవాళ్ళెందరు?

ఇప్పుడు మూడో మాట: తెలియనిదాన్ని కెలక్కూడదు. ఇందులోని నిజం ఇది. మ్యాగజైన్ పైకొనలో తూటాను పట్టి ఉంచే రెండు వంపులను ఫీడ్ లిప్స్ అంటారు. వాటిని పట్టకారుతో వంచడం, ఆకురాయితో రుద్దడం, స్ప్రింగును సాగదీయడం కొన్నవాడి పని కాదు, కాకూడదు. వెంట్రుకవాసి తేడాతో తూటా ఎక్కే కోణమే మారిపోతుంది. అయితే చూడటం వేరు, బాగుచేయడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి, బాగుచేయొద్దన్న మంచి సలహాను చూడొద్దన్న చెడ్డ సలహాగా మార్చేశారు. చూసినవాడికి లోపం కనబడితే అలాగే తీసుకెళ్ళి మార్చి ఇమ్మని అడుగుతాడు. కెలికే అవసరం చూడనివాడికే, అదీ చేతులు వణికే వేళ వస్తుంది.

చూడటానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ముందు మ్యాగజైన్ బయటికి తీసి, స్లైడు వెనక్కి లాగి, ఛాంబరు ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకోవడం ఇళ్ళలో ప్రాణాలు తీసే భ్రమ, గొట్టంలో ఒక తూటా మిగిలే ఉండవచ్చు. అసలు తూటాలు ఆ గదిలోనే లేకుండా చూసుకోవాలి. మ్యాగజైన్లకు ఒకటి, రెండు అని గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే ఏది మొండికేసిందో తర్వాత తెలియదు. పిస్తోలుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు అడుగు పలక తీయాలి. స్ప్రింగు ఎగిరి కంట్లో పడకుండా బొటనవేలు అడ్డం పెట్టాలి, అది ఏ వైపు తిరిగి ఉందో గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టరీలో పూసిన చిక్కటి జిడ్డును లోపల్నించి పూర్తిగా తుడవాలి. అతుకు వెంట గరుకు, మూలల్లో ఎర్రమచ్చ, లిప్స్ దగ్గర సన్నటి పగులు, రెండు వంపుల మధ్య ఎగుడుదిగుడు ఉన్నాయా అని వెలుతురులో చూడాలి. మళ్ళీ బిగించి, లోపలి పలకను మొద్దు పుల్లతో కిందికి నొక్కి వదిలితే ఎక్కడా తట్టకుండా, ఒరిగిపోకుండా పైకి రావాలి. పిస్తోలులో పెడితే ‘టక్’మని కూర్చోవాలి, మీట నొక్కితే పట్టేయకుండా దిగాలి. లోపల నూనె వరద కట్టించకూడదు. దుమ్ము అక్కడే పేరుకుంటుంది, తూటా ప్రైమరుకూ చేటు. ఇదంతా ఒక కాఫీ చల్లారేంత సేపట్లో అయ్యే పని.

“కాల్చి చూడనిదే తెలుస్తుందా? తూటాలు లైసెన్సులో రాసినన్నే ఇస్తారు, రేంజి ఎక్కడో ఉంది” అనేవాళ్ళున్నారు. నిజమే, కంటిచూపుతో అన్నీ తేలవు. ఇంటి వెనక ఉప్పు మడుల్లోకి కాల్చి చూడటం నేరం, దానికి ఎవరూ సాకు వెతకొద్దు. అనుమతి ఉన్న రేంజికి ఒక్కసారైనా వెళ్ళి, ప్రతి మ్యాగజైన్‌నూ నిండా నింపి ఖాళీ చేసి చూడాలి. ఆ ఖర్చు భరించలేమంటే ఆ పిస్తోలు ఖర్చూ భరించలేమనే అర్థం. ఒక్క తూటా అయినా కాల్చి చూడకుండా దాచుకున్నవి ఎన్ని ఉంటే మాత్రం ధైర్యమేది? అవి పైకి వస్తాయో రావో తెలియదు కదా!

నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందని మరో మాట. దానికి భయపడి రోజూ నింపడం, తీయడం చేసేవాళ్ళున్నారు. సరైన ఉక్కుతో చేసిన స్ప్రింగును అలసిపోయేలా చేసేది ఎక్కువగా మళ్ళీమళ్ళీ నొక్కి వదలడమే, ఊరికే నొక్కుకుని ఉండటం కాదు. కాపాడుతున్నామనుకుంటూ అరగదీస్తున్నారన్నమాట. నాసిరకం స్ప్రింగైతే నింపి ఉంచినా కుంగవచ్చు. అది ఏ రకమో తేల్చుకోవడానికైనా కొన్నరోజున దాని పొడవు చూసి రాసిపెట్టుకోవాలి.

చివరికి మిగిలేది అసలు మాట: “ఎప్పుడో గానీ తీసేది కాదు, ఇంత రాద్ధాంతమెందుకు?” ఈ మాటలో దాపరికం లేదు, అందుకు మెచ్చుకోవాలి. పిస్తోలును దర్జా కోసం కొన్నామని ఒప్పుకున్నట్టే కదా. కానీ దర్జా కోసం కొన్నదైనా అది ఇంట్లో ఉన్న ఆయుధమే. సగం ఎక్కి ఇరుక్కున్న తూటాతో, భయంతో స్లైడు లాగుతూ, గొట్టం ఎటు తిరుగుతోందో చూసుకోని మనిషి దొంగకన్నా ముందు తన ఇంటివాళ్ళకే ప్రమాదం. తుపాకీ పౌరుడికి ఉండాలా వద్దా అన్న వాదన వేరే ఉంది, అందులో నేను తక్కువమందికే ఉండాలనే పక్షం. అలా ఉన్న తక్కువమందైనా తమ దగ్గరున్నది ఏమిటో తెలిసినవాళ్ళై ఉండాలి.

కాబట్టి దుకాణంలో పెట్టె తెరిచి, ప్రతి మ్యాగజైన్‌నూ కొనేవాడి ఎదుటే విప్పి చూపించి, లోపముంటే అక్కడికక్కడే మార్చి ఇవ్వాలి. శిక్షణ ఇచ్చేవాళ్ళు మ్యాగజైన్ విప్పి బిగించడం చేయించకుండా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకూడదు. కొనేవాడు అడగాలి, అడగడానికి సిగ్గుపడకూడదు. అయిదేళ్ళకోసారి లైసెన్సు పునరుద్ధరణకు వెళ్ళినప్పుడు మ్యాగజైన్ విప్పడం రాని చేతికి ఆ పిస్తోలు మళ్ళీ ఎందుకివ్వాలని అధికారి అడిగినా నేను తప్పుపట్టను.