టెక్సాస్ పొరుగు వైరం: ఆట 13 ఏళ్లు ఎందుకు ఆగింది?

మన ఇళ్ల నుంచి టెక్సాస్ వెళ్లి చదువుకుంటున్న పిల్లలు నవంబరు వచ్చిందంటే ఫోన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ ముచ్చట్లే చెబుతారు. అది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. అందులో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకీ, కాలేజ్ స్టేషన్ ఊళ్లోని టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీకీ 1894 నుంచి పోటీ. రెండూ ప్రభుత్వ సంస్థలే. మధ్య దూరం సుమారు 170 కిలోమీటర్లు. అయినా 2011 నవంబరు తర్వాత మళ్లీ 2024 నవంబరు 30న గానీ ఈ జట్లు తలపడలేదు.

కారణం టీవీ డబ్బు. అక్కడి యూనివర్సిటీలు కాన్ఫరెన్సులనే కూటములు కట్టి, ప్రధానంగా తమలో తాము ఆడుకుంటాయి, ప్రసార హక్కుల సొమ్ము పంచుకుంటాయి. ఈ రెండూ 'బిగ్ 12' కూటమిలో ఉండగానే, 2011లో టెక్సాస్ ఈఎస్‌పీఎన్‌తో 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని సొంత ఛానల్ పెట్టింది. ఉమ్మడి ఇంట్లో వేరు కుంపటి అన్నమాట. ఎ అండ్ ఎం అలిగి 2012లో ఆగ్నేయ రాష్ట్రాల కూటమి ఎస్‌ఈసీకి వెళ్లిపోయింది. ఆటతోపాటు మాటలూ ఆగిపోయాయి. ఏటా ఆడి తీరాలంటూ 2013లో రాష్ట్ర చట్టసభలో బిల్లు పెట్టినా నెగ్గలేదు.

చట్టసభ పెద్దలకు ఇందులో వేలు పెట్టడం కొత్త కాదు. 1994లో పాత సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ చీలుతున్నప్పుడు, కొత్తగా ఏర్పడే బిగ్ 12లో టెక్సాస్ రాష్ట్రానికి నాలుగు చోట్లే దక్కాయి. పెద్దవాళ్లిద్దరూ పోగా మిగిలిన రెండూ బేలర్‌కూ, టెక్సాస్ టెక్‌కూ వెళ్లాయి. సెనేట్‌ను నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ బాబ్ బులక్ ఆ రెండు చోట్లా చదివినవారే. గవర్నర్ ఆన్ రిచర్డ్స్ బేలర్‌లో చదివారు. ఆటలో సత్తా చూసే ఇచ్చారంటే, ఆఫీసులో ఫైళ్లు ఎలా కదులుతాయో చూసిన నాలాంటి గుమాస్తా నమ్మడు. రైస్, హ్యూస్టన్, టీసీయూ, ఎస్‌ఎంయూ బయటే మిగిలాయి. గీత గీసే గదిలో మన మనిషి లేకపోతే ఏమవుతుందో బళ్లారి, హోసూరు, బరంపురం వాళ్లకు వేరే చెప్పాలా?

2021లో టెక్సాస్, ఓక్లహోమాతో కలిసి అదే ఎస్‌ఈసీ తలుపు తట్టింది. ఈ రాష్ట్రం నుంచి మేమొక్కరమే ఉండాలని ఎ అండ్ ఎం క్రీడాధికారి బాహాటంగానే అన్నారు. వారం పది రోజులు తిరక్కుండానే ఆ యూనివర్సిటీ పాలకమండలి 8-1తో సరేనంది. కూటమిలోని 14 సభ్యులూ ఒప్పుకున్నారు. కొత్త జట్ల రాకతో పెరిగే రాబడి ముందు పాత పగ నిలవలేదని నా లెక్క. గడువుకు ముందే కదిలినందుకు టెక్సాస్, ఓక్లహోమా కలిసి బిగ్ 12కు 10 కోట్ల డాలర్లు వదులుకున్నాయి. మళ్లీ మొదలైన పోటీలో టెక్సాస్, ఎ అండ్ ఎం సొంత మైదానంలోనే 17-7తో గెలిచింది.

1994లో బయట మిగిలినవాళ్లలో టీసీయూ 2012లో, హ్యూస్టన్ 2023లో బిగ్ 12లో చేరాయి. డాలస్‌లోని ఎస్‌ఎంయూ, తొమ్మిదేళ్లు టీవీ వాటా అడగనని ఒప్పుకుని 2024లో ఏసీసీ అనే మరో కూటమిలో చోటు సంపాదించింది. రైస్ ఇప్పటికీ పెద్ద కూటముల బయటే ఉంది.