హాప్‌లు లెక్కపెడితే మంచి దారి తేలదు

టవరూ తీగా లేకుండా, పరికరాలే ఒకదాని ప్యాకెట్లను మరొకటి అందుకుని ముందుకు పంపే వ్యవస్థ మొబైల్ ఆడ్‌హాక్ నెట్‌వర్క్. ప్యాకెట్ ఒక పరికరం నుంచి మరోదానికి వేసే ఒక్కో గెంతు ఒక హాప్. ఈ నెట్‌వర్క్‌లో తక్కువ హాప్‌లున్న దారే మంచి దారి అన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. 1994 నాటి డీఎస్‌డీవీ, 2003లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రచురించిన ఏఓడీవీ, ఓఎల్‌ఎస్‌ఆర్ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌లు దారులను పోల్చింది ఈ లెక్కతోనే. ఈ నమ్మకం తప్పు.

ఇది తీగల నెట్‌వర్క్ నుంచి అరువు తెచ్చుకున్న లెక్క. తీగ ఉంటే ఉన్నట్టు, తెగితే తెగినట్టు. రేడియో లింకులో పది ప్యాకెట్లకు ఐదే చేరవచ్చు. హాప్‌లు తగ్గాలంటే ఒక్కో హాప్ దూరం పెరగాలి. దూరం పెరిగితే సిగ్నల్ బలహీనపడుతుంది. కాబట్టి హాప్‌లు తగ్గించే ప్రోటోకాల్ పనిగట్టుకుని బలహీనమైన లింకులనే ఏరుకుంటుంది.

ఎంఐటీ పరిశోధకులు 2003లో ఈటీఎక్స్ అనే కొలమానం ప్రతిపాదించారు. ఒక ప్యాకెట్ చేరి, దాని రసీదు తిరిగి రావడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో అది చెబుతుంది. రెండువైపులా సగం ప్యాకెట్లే చేరే ఒక్క హాప్‌కు నాలుగుసార్లు పంపాలి. రెండువైపులా 95 శాతం చేరే హాప్‌లు రెండున్నా, మొత్తం మీద సుమారు 2.2 సార్లు చాలు. హాప్‌లు లెక్కపెట్టే ప్రోటోకాల్ మాత్రం మొదటి దారికే ఓటేస్తుంది.

పొరుగున ఎవరున్నారో కనిపెట్టే పద్ధతిలోనూ లోపముంది. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2002లో దీన్ని చూపించారు. ఏఓడీవీ పంపే హలో సందేశాలు చిన్నవి, తక్కువ వేగంతో వెళ్తాయి, అందుకే దూరం పోతాయి. అసలు డేటా ఎక్కువ వేగంతో వెళ్తుంది, అంతదూరం పోలేదు. పలకరింపు అందుతుంది, సరుకు అందదు. అయినా రౌటింగ్ పట్టికలో ఆ లింకు భేషుగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

హాప్ లెక్కను సమర్థించేవారికి ఒక గట్టి ఆధారం ఉంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 2004లో చేసిన ప్రయోగంలో, పంపేవారు కదులుతున్నప్పుడు ఈటీఎక్స్ కంటే హాప్ లెక్కే మెరుగ్గా పనిచేసింది. నిజమే. కానీ కారణం చూడండి: లింకు నాణ్యతను కొలిచేలోపే మనిషి మరోచోటికి వెళ్లిపోయాడు. అక్కడ తేలింది కొలత ఆలస్యమైందని మాత్రమే, కొలత అక్కర్లేదని కాదు. పైగా అదే ప్రయోగంలో పరికరాలు స్థిరంగా ఉన్నప్పుడు ఈటీఎక్సే నెగ్గింది.

మరి ఈ నమ్మకం ఇంతకాలం ఎలా నిలిచింది? సిమ్యులేటర్ పుణ్యం. అందులో రేడియో పరిధి చుట్టూ గుండ్రటి గీత గీసి, లోపలున్న ప్రతి లింకూ పక్కా అనుకుంటే హాప్ లెక్క ఎన్నటికీ ఓడదు. గోడలు, చెట్లు, మనుషులు ఉన్న చోట ఆ గీత ఉండదు.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎంటెక్ ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులకు ఒక్క విన్నపం: ఏఓడీవీకి మరో సవరణ సిమ్యులేటర్‌లో గెలిచిందని సంతకం పెట్టేముందు, విద్యార్థుల చేత నాలుగు వైఫై పరికరాలు కారిడార్‌లో పెట్టించి, ఎన్ని ప్యాకెట్లు చేరాయో లెక్కపెట్టించండి.