ఉద్ధరిణెడు సముద్రజలము

మా చదువరులలో నొక సోదరి గత మాసమున నిట్లు వ్రాసిరి: "పిల్లలను సముద్రస్నానమునకు తోడ్కొని పోవలెనని యనుకొంటిమి. చెంచాడు సముద్రజలమున కోట్లకొలది వైరసులుండునని మా పెద్దవాడు బడిలో విని వచ్చి చెప్పినది మొదలు మా యత్తగారు వలదని పట్టుపట్టి కూర్చున్నారు. ఏమి చేయుదుము?"

2020వ సంవత్సరపు బాధ లనుభవించిన పిమ్మట వైరసను మాట చెవిని బడినంతనే గుండె ఝల్లుమనుట సహజము. కావున నత్తగారి భయమును మేము పరిహసింపజాలము.

బాలుడు చెప్పినది నిజమే. సముద్రపు పైభాగపు నీటిలో మిల్లీలీటరు ఒక్కంటికి సుమారొక కోటి వైరసులుండును. మన పూజాగృహములోని యుద్ధరిణె యైదు మిల్లీలీటర్లు పట్టునదైనచో, అందు అయిదుకోట్లన్నమాట! శాస్త్రజ్ఞులకును ఈ సంగతి మొన్నమొన్నటివరకు తెలియదు. ప్రయోగశాలలో పెంచుటకు వీలైన వానినే లెక్కించుచు, సముద్రమున వైరసులు బహు స్వల్పమని వారు తలచుచుండిరి. 1989లో నార్వే దేశపు బెర్గెన్ నగరమున ఓయివిండ్ బెర్గ్ మొదలగువారు నీటిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిక్రింద నుంచి నేరుగా లెక్కించినప్పుడు గాని యసలు సంఖ్య బయటపడలేదు. మరుసటి యేట లీటా ప్రాక్టర్ అను విదుషీమణియు, జెడ్ ఫర్మన్ అను నాయనయు, ఈ వైరసులు ఊరక తేలియాడుచున్నవి కావనియు, సముద్రమునందలి బాక్టీరియాలోనికి జొచ్చి వృద్ధి నొందుచున్నవనియు చూపిరి.

అత్తగారికి చెప్పవలసిన మాట యిదియే. ఒక తాళమునకు వేసిన చెవి మఱియొక తాళమునకు పట్టనట్లు, ఈ వైరసులలో మిక్కిలి భాగము తమకు తగిన బాక్టీరియాను, నాచుజాతులను మాత్రమే యంటును. మనుష్యదేహము వానికి పట్టని తాళము.

అవి చేయు పని మాత్రము తక్కువది కాదు. సముద్రపు సూక్ష్మజీవులలో ప్రతిదినము సుమారైదింట నొకవంతు వీనిచే నశించునని యంచనా. పగిలిన కణములలోని నత్రజని, భాస్వరము, ఇనుము నీటిలో గలిసి తక్కిన సూక్ష్మజీవుల కాహారమగును. పెరటిలో రాలిన యాకు కుళ్ళి పాదునకు ఎరువగుట మన మెరుగమా? ఉత్తరాట్లాంటిక్ సముద్రమున ఎమిలియానియా హక్స్లీ యను సుద్దపొలుసుల నాచు మిక్కుటముగా బెరిగినప్పుడు నీరు పాలవలె తెల్లబడి యాకాశమునందలి ఉపగ్రహములకు సైత మగపడును. అట్టి విస్తారపు పెరుగుదల పలుమారు వైరసులవలననే కొలది దినములలో నంతమగును. అప్పుడు వెలువడు గంధక సంబంధమైన వాయువే మనము సముద్రవాసన యనుదానిలో నొక భాగము.

వీని జాతుల వైవిధ్య మింకను విచిత్రము. 2009 మొదలు 2013 వరకు 'తారా' యను ఫ్రెంచి తెరచాప నావ లోకమందలి సముద్రములు తిరిగి నీటిని సేకరించెను. ముప్పదియారు మీటర్ల పొడవు గల యీ నావను శాస్త్రకార్యమునకు సమకూర్చినవారిలో ఆగ్నెస్ బి. యను వస్త్రశిల్పిని యొకతె యని మా సోదరీమణులు సంతోషింతురు గాక. ఆ నీటిని పరిశోధించినవారు 2019లో 1,95,728 విధముల వైరసులను ప్రకటించిరి. ఇది యంతకు ముందటి పట్టికకు సుమారు పన్నెండు రెట్లు! ఉత్తరధ్రువ సముద్రము, దక్షిణధ్రువ సముద్రము, తక్కిన సముద్రముల పైనీరు, నడిమినీరు, అగాధము అని యవి యైదు మండలములుగా నేర్పడియున్నవి. ఉష్ణదేశములయందే జీవవైవిధ్య మధికమని మన మెంచుచుండగా, మంచుగడ్డల యుత్తరధ్రువమున సైతము అవి మిక్కిలి విస్తారముగా గనబడుట మాకును ఆశ్చర్యమే.

అన్ని వైరసులును నిరపాయకరములని మా భావము కాదు. 1994 ప్రాంతమున మన కోస్తా రొయ్యల చెరువులను పాడుచేసి యెన్నో కుటుంబములను అప్పులపాలు చేసిన తెల్లమచ్చల వ్యాధి వైరసువలననే కలిగినది. అయినను అది రొయ్యలు మొదలగు జలచరములకే గాని మనుష్యులకు రాదు. మనకు కీడుచేయునవి సముద్రమున బుట్టినవి కావు, ఊరి మురుగుతో వచ్చి కలిసినవి. కామెరలు, వాంతులు, విరేచనములు కలిగించు వైరసు లట్లు చేరును. కావున మురుగుకాలువ కలియుచోటను, పెద్దవానలు కురిసిన మరునాడును స్నానము వలదు. పిల్లలను నీరు మ్రింగనీయకుడు. ఒడ్డుననే, పెద్దల చేయి విడువక యుండవలెను. ఏలయన వైరసులకంటె లోనికి లాగుకొనిపోవు నలయే భయంకరము. ఇంటికి వచ్చినతోడనే మంచినీట స్నానము చేయింపుడు. వీలైనచో నత్తగారిని కూడ వెంటబెట్టుకొని పొండు.