సంపాదకుని మాట: గురి తప్పని ఔషధము

కడప, గోదావరి సీమలనుండి వచ్చి కువైట్‌లో జీవిక గడించుకొనుచున్న మనవారికి షువైఖ్ అనగానే ఓడరేవుతోపాటు క్యాన్సర్ నియంత్రణ కేంద్రమును స్ఫురించును గనుక, నానో కణములద్వారా ఆ వ్యాధికి ఔషధమందించు విధానమును ఈ సంచికకు విషయముగా గైకొంటిమి.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము రూపొందించిన అమినోప్టెరిన్ అను మందుతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 నాటికి పసిపిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికముగా అణచగలిగినను, మందు రోగకణములతోపాటు ఆరోగ్యకణములనుగూడ హింసించు చిక్కు మిగిలిపోయెను. 1995లో అమెరికా ఆమోదించిన డాక్సిల్ అను నానో ఔషధము, డాక్సోరూబిసిన్ అను క్యాన్సర్ మందును సుమారు 100 నానోమీటర్ల కొవ్వుబుడగలో పొదిగి గుండెకు కలుగు హానిని తగ్గించినను, అరచేతులు, అరికాళ్లు ఎర్రబారి పొక్కు బాధను తెచ్చెను.

మందు బలమెంత ముఖ్యమో అది చేరు చోటును అంతే ముఖ్యమన్నదే ఇందలి రచనల అంతస్సూత్రము. ఆశ కల్పించుటయే గాని అత్యాశ పెంచుట మా యుద్దేశము కాదు. ఒంట గడ్డ తగిలినచో, చదువరులారా, ఈ సంచికను పక్కనబెట్టి ముందు వైద్యుని కలిసికొనుడు.